ఫిబ్రవరిలో నాకొచ్చిన జబ్బు

నాకు కరోనా వచ్చిందన్న సంగతి నేను ఊయల బల్ల మీద కూర్చుని సర్వపిండి తింటుండగా తెలిసింది. 2021 ఫిబ్రవరి, మంగళవారం, పొద్దున పదిన్నర. ఎవరూ నాకు చెప్పలేదు. మా అబ్బాయి భరద్వాజ్ వాడి పై అధికారికి చెబుతున్నాడు. వాడు అద్దం గదిలో ఉన్నాడు, తలుపు వేసి ఉంది, మాట బయటికి రావడం లేదు. అయినా వాడన్నది నాకు తెలిసింది.

అది ఎట్లాగో ముందే చెప్పాలి. నేను సూరత్‌లో, ఈ లింబాయత్‌లోనే, ముప్పై ఎనిమిదేళ్ళు సాంచాల మీద పనిచేశాను. కరెంటుతో నడిచే మగ్గాలను మావాళ్ళు సాంచాలు అంటారు. ఒక కార్ఖానాలో నలభై ఎనిమిది సాంచాలు ఒకేసారి నడుస్తుంటే, చెవిలో నోరు పెట్టి అరిచినా మాట వినిపించదు. అందుకని మేం అరవం. పెదవులు కదుపుతాం. దారం తెగిందన్నా, సేటు వస్తున్నాడన్నా, చాయ్ వచ్చిందన్నా చేతి సైగ చాలు. మిగతాదంతా పెదవుల మీదే. ఇంటి గొడవలు, పెళ్ళి సంబంధాలు, ఒకరి మీద ఒకరికి ఉండే కోపాలు అన్నీ అట్లాగే చెప్పుకునేవాళ్ళం. కొత్తగా వచ్చినవాడికి అది పట్టుబడడానికి ఆరు నెలలు పట్టేది. నేను పని మానేసి నాలుగేళ్ళయింది. నా చెవులు నాకంటే ముందే సగం పని మానేశాయి. కళ్ళు మాత్రం మానలేదు.

ఈ విషయం ఇంట్లో నేను ఎన్నడూ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. ఎదురుగా నిలబడి మాట్లాడితే జవాబు చెబుతాను, వెనక నుంచి పిలిస్తే పలకను. దానికి మా ఆవిడ ఉషాదేవి, నాకు తనంటే లెక్కలేదని ముప్పై ఏళ్ళ కిందే తేల్చుకుంది. కరోనా వచ్చి అందరూ మూతికి మాస్కు కట్టుకున్నాక, బయట ఎదురుగా మాట్లాడినా నేను పలకడం మానేశాను. అప్పుడు ఆమెకు ఇంక అనుమానం లేకుండా పోయింది.

భరద్వాజ్‌ది హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం. పని ఏమిటని అడిగితే, ఎక్కడో పరదేశంలో దుకాణాల బిల్లులు ఆగిపోకుండా చూస్తుంటానని చెప్పాడు. ఆగితే వాడికి ఫోను వస్తుంది. నేనూ ఎనిమిది సాంచాలు ఆగిపోకుండా చూసేవాణ్ణి. పనిలో నాకు పెద్ద తేడా కనిపించలేదు. కాకపోతే వాడి పని చప్పుడు చేయదు. 2020 మార్చిలో ఉగాదికని భార్యను, కూతురిని తీసుకుని వచ్చాడు. వచ్చిన రెండో రోజు నుంచి దేశమంతా మూసేశారు. అప్పటి నుంచి వాడి ఆఫీసు మా హాలులోనే.

మా గోడకు అవతల వేరేవాళ్ళ కార్ఖానా ఉంది. పన్నెండు సాంచాలు. లాక్‌డౌన్‌లో అవి ఆగినంత కాలం వాడి పని బాగానే సాగింది. జూన్‌లో మొదలయ్యేసరికి వాడి కంప్యూటరు వణకడం మొదలుపెట్టింది. మీటింగులో ఉన్నవాళ్ళు, నువ్వు ఏ రైల్లో ఉన్నావని అడిగారట. అప్పుడు వాడు హాలు మూలన అల్యూమినియం పట్టీలతో, అద్దంతో ఒక గది కట్టుకున్నాడు. తనే కట్టాడు. వాడు ఏ పనైనా వీడియో చూసి చేస్తాడు. వీడియోలో గోడ వేరు, మా గోడ వేరు. గది మూడు వారాలకు పూర్తయింది. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కాబట్టి కుర్చీ అడ్డం వస్తుంది. అందుకని వాడు రోజూ తొమ్మిదింటికి కుర్చీని ఎత్తి బల్ల మీద పెట్టి, లోపలికి పోయి, తలుపు వేసుకుని, కుర్చీ దించుకుని కూర్చుంటాడు. భోజనానికి వచ్చేటప్పుడు మళ్ళీ ఎత్తుతాడు. వాడి నడుముకు అది మంచిదేనని కోడలు శ్రీప్రియ అంది.

అద్దానికి ఎదురుగా ఊయల బల్ల. ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లో ఉన్నట్టే మా ఇంట్లోనూ ఉంది. పొద్దున స్నానం, పూజ అయ్యాక నేను దాని మీద కూర్చుని తులసిమాలతో రామనామం చేసుకుంటాను. పదకొండు మాలలు. కళ్ళు తెరిస్తే మా అబ్బాయి పెదవులు కనిపిస్తాయి. వాడు ఇంగ్లీషులో మాట్లాడినప్పుడు నాకు బాధ లేదు. వాడి పై అధికారి ఆదర్శ్ సారుది హన్మకొండ. ఆయనతో మాత్రం తెలుగులోనే మాట్లాడతాడు. తలుపు వేసుకుని మాట్లాడే మాటను బయట కూర్చుని చదవడం దొంగతనమవుతుందా అని నాకు సందేహం వచ్చింది. అవుతుందనే అనుకుని కళ్ళు మూసుకున్నాను. మూసుకుంటే నిద్ర వచ్చింది, మాల చేతిలోంచి జారిపోయింది. కొడుకు మాట చూడడం ఎక్కువ తప్పా, జపంలో నిద్రపోవడం ఎక్కువ తప్పా అని స్వామిని అడిగాను. నాలుగు రోజులు చూశాను. జవాబు రాలేదు. కళ్ళు తెరిచాను.

అందుకని సెలవు సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. జనవరిలో వాడు ఏదో డబ్బా బిగించడానికని గోడకు బెజ్జం వేసి లోపలి నీళ్ళ పైపు పగలగొట్టాడు. నీళ్ళు మా వైపు రాలేదు, అవతలి కార్ఖానాలోకి పోయాయి. ఆ సేటు మంచివాడు, త్వరగా బాగుచేయించండి అని మాత్రం అన్నాడు. గోడ పగలగొట్టి పైపు మార్చాలి, రెండు రోజుల పని. ఆ రెండు రోజులూ ఇంట్లో కరెంటు ఉండదు. దానితో పాటు నా మనవరాలు చిట్టి. ఏడేళ్ళ పిల్ల, పదకొండు నెలలుగా బడిని ఫోనులో చూస్తోంది. సముద్రం చూపిస్తానని వాళ్ళ నాన్న మాట ఇచ్చాడు. వాడు మూడుసార్లు సెలవు అడిగాడు. పైపు అని చెప్పలేదు, ఇంట్లో పని ఉందన్నాడు. మూడుసార్లూ తర్వాత చూద్దామని వచ్చింది. నాలుగోసారి వాడు సెలవు అడగలేదు. చెయ్యి నుదుటి మీద పెట్టుకుని, "మా బాపుకు పాజిటివ్ వచ్చింది సార్" అన్నాడు.

నోట్లో ఉన్న సర్వపిండి నమిలి మింగాను. ఒకసారి ఊపిరి పీల్చి చూసుకున్నాను. బాగానే వచ్చింది.

నాలుగు రోజులు సెలవు దొరికింది. మొదటి రెండు రోజులు గోడ పగలగొట్టాం, పైపు మార్చాం. నేను బకెట్టు పట్టుకున్నాను, సిమెంటు కలిపాను. మూడో రోజు అందరం డుమస్ పోయాం. నల్ల ఇసుక, నీళ్ళు చాలా దూరాన ఉన్నాయి. సముద్రం వెనక్కి పోయిందని చిట్టి చాలాసేపు అలిగింది. అక్కడ టమాటా బజ్జీలు బాగుంటాయి. నేను రెండోది తింటుండగా వాడికి ఫోను వచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాగి, ఇరవై అడుగులు పక్కకు పోయి, గాలి తగలకుండా నావైపు తిరిగి మాట్లాడాడు. నాకు ఆక్సిజన్ తొంభై ఒకటి ఉందట. పొద్దున కాస్త గంజి తాగానట. చేతిలో ఉన్న బజ్జీని ఏం చేయాలో నాకు తెలియలేదు. తిన్నాను. నాలుగో రోజు ఉనాయ్ పోయాం. అక్కడ అమ్మవారి గుడి, వేడినీళ్ళ గుండం ఉన్నాయి. మా ఆవిడ, నేను కాళ్ళు పెట్టి కూర్చున్నాం. అక్కడ ఫోను సిగ్నలు లేదు. నా పరిస్థితి ఎట్లా ఉందో ఆ రోజు తెలియలేదు.

తిరిగి వచ్చాక ప్రతి రోజూ పొద్దున మీటింగులో మొదట నా సంగతే. మా వాడు నన్ను చాలా జాగ్రత్తగా బాగుచేశాడు. తొంభై ఒకటి, తొంభై రెండు. ఒక రోజు తొంభైకి దింపాడు. ఆ రోజు నాకు కొంచెం దిగులు వేసింది. మర్నాడు తొంభై మూడు అన్నాక గానీ నా జపం కుదురుగా సాగలేదు. ఎనిమిదో రోజున దవాఖానా నుంచి ఇంటికి పంపించాడు. ఆ సాయంత్రం వాడు బజారు నుంచి వచ్చి, "ఏం బాపూ, గట్ల చూస్తున్నవ్?" అని అడిగాడు. ఏం లేదన్నాను.

అడిగి ఉండవచ్చు. అడిగితే నాకెట్లా తెలిసిందో చెప్పాలి. చెబితే వాడు ఆ గదిలో మళ్ళీ నిశ్చింతగా కూర్చోలేడు. వాడికి కూర్చోవడానికి వేరే చోటు లేదు. ఇట్లా అనుకుని ఊరుకున్నాను. వారం తర్వాత కంపెనీ నుంచి ఒక పళ్ళబుట్ట వచ్చింది. పండుగకు పంపారని భరద్వాజ్ చెప్పి, దాని మీది కార్డు జేబులో పెట్టుకున్నాడు. ఏ పండుగో ఎవరూ అడగలేదు. నేను బుట్టను దేవుడి ముందు పెట్టాను గానీ ఒక్క పండూ తినలేదు. మా ఆవిడ కివీ పండు పుల్లగా ఉందంటూనే నాలుగు తింది.

మార్చిలో అరవై దాటినవాళ్ళకు టీకా వేస్తున్నారన్నారు. అది వేసుకుంటే అందరికీ జ్వరం వస్తోందని విన్నాను. వెంటనే ఇద్దరం పోయి వేయించుకున్నాం. జబ్బు కాకపోయినా జ్వరమైనా వస్తే మా వాడి మాటలో కొంతైనా నిజం ఉంటుందని ఆశ. మా ఆవిడకు నూట రెండు వచ్చింది. నాకు ఏమీ రాలేదు. చెయ్యి కూడా నొప్పి పుట్టలేదు.

ఏప్రిల్‌లో పరిస్థితి మారింది. కార్ఖానాలు మళ్ళీ ఆగాయి. మా మార్కండేయ గుడిలో శనివారం భజన చేసేవాళ్ళలో ఇద్దరు వారం తేడాలో పోయారు. వాళ్ళలో ఆగయ్య నాతో పాటు ఒకే కార్ఖానాలో ఇరవై ఏళ్ళు పనిచేసినవాడు, తాళం వేసేవాడు. చివరిచూపుకు ఎవరినీ రానివ్వలేదు. అప్పటి నుంచి నాకు కొత్త భయం పట్టుకుంది. అబద్ధాన్ని నిజం చేయడం భగవంతుడికి పెద్ద పని కాదు. మా వాడు చెప్పిన అంకెలన్నీ ఆయన దగ్గర ఉన్నాయి. రోజూ నిద్ర లేవగానే ఊపిరి చూసుకునేవాణ్ణి.

ఆ నెలాఖరున ఒక రోజు పొద్దున భరద్వాజ్ మీటింగు మధ్యలోనే కుర్చీ ఎత్తి బయటికి వచ్చాడు. నేను మాల తిప్పుతున్నాను గానీ చూశాను. సంగతి పూర్తిగా తర్వాత వాడు చెప్పాడు. ఆదర్శ్ సారు వాళ్ళ నాన్న సోమలింగం గారు కరోనాతో హన్మకొండలో దవాఖానాలో ఉన్నారు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. చేరి అది ఆరో రోజు. రెండు రోజులుగా ముద్ద ముట్టడం లేదు, పెట్టబోతే చెయ్యి తోసేస్తున్నారు. ధైర్యం చెడిందని డాక్టర్లు అంటున్నారు. ఆ వయసులోనే జబ్బు పడి లేచిన మనిషి నాలుగు మాటలు చెబితే నిలబడతారని ఆదర్శ్ సారు ఆశ. ఆయనకు తెలిసిన అట్లాంటి మనిషిని నేనొక్కణ్ణే.

భరద్వాజ్ నా పక్కన కూర్చున్నాడు. ఊయల ఆపాడు.

"బాపూ, నేనొక తప్పు చేసిన" అన్నాడు.

"తెలుసు బిడ్డా. ఫిబ్రవరిల ఎనిమిది దినాలు దవాఖానల ఉన్న."

వాడు శ్రీప్రియ వైపు చూశాడు. ఆమె తను కాదని తల ఊపింది. అంటే ఆమెకూ తెలుసునని నాకప్పుడు అర్థమైంది.

"ఎవలు చెప్పిండ్రు నీకు?"

"నువ్వే చెప్పినవ్. అద్దంలకెల్లి."

సాంచాల సంగతి, పెదవుల సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. వాడు లేచి అద్దం దగ్గరికి పోయి, లోపలికి ఒకసారి, నావైపు ఒకసారి చూశాడు. ఇన్ని నెలల్లో లోపల ఏమేం మాట్లాడాడో గుర్తు చేసుకుంటున్నట్టుంది. ఈలోగా వంటింట్లోంచి మా ఆవిడ వచ్చింది. సంగతి ఆమెకు శ్రీప్రియ చెప్పాల్సి వచ్చింది. ఆమె కొడుకును కోప్పడలేదు. చాలా నెమ్మదిగా, "నా పుస్తెల మీద ఛుట్టీ పెట్టినవారా" అంది. తర్వాత ఆ కివీ పళ్ళు ఎందుకొచ్చాయని అడిగింది. చెప్పాక వెళ్ళి నోరు కడుక్కుంది.

శ్రీప్రియ నాతో, "నేను వద్దనే అన్న మామయ్యా. మా అమ్మమ్మ పేరు చెప్పమన్న" అంది.

"అమ్మమ్మను పోయిన ఏడే వాడేసినం కదా" అన్నాడు భరద్వాజ్.

వాడు నన్ను అబద్ధం చెప్పమనలేదు. అది నేను ఒప్పుకోవాలి. జబ్బు మాట ఎత్తకుండా, తగ్గిపోతుంది, ధైర్యంగా ఉండమని మాత్రం చెప్పమన్నాడు. ఆయన అడిగితే ఏం చెప్పాలని నేనడిగాను. నిజం తెలిస్తే ఉద్యోగం ఉండదని మాత్రం అన్నాడు. కరోనా పేరుతో అబద్ధపు సెలవు తీసుకున్నవాళ్ళను ఇద్దరిని కంపెనీ అప్పటికే పంపేసిందట. ఆ రోజుల్లో కొత్త ఉద్యోగం దొరకడం ఎట్లా ఉందో నాకూ తెలుసు.

సాయంత్రం నాలుగింటికి ఫోను. నేను కాళ్ళు కడుక్కుని, దేవుడి ముందు నిలబడి, ఆయన అడగకుండా చూడమని మొక్కాను. తర్వాత ఆలోచిస్తే అది సరైన మొక్కు కాదనిపించింది. ఊపిరాడని మనిషి మాట్లాడకూడదని కోరుకోవడమే కదా. వెనక్కి తీసుకున్నాను. అంతలో నాలుగయింది.

అద్దం గదిలో ఒక్కరికే చోటు. కుర్చీ ఎట్లా ఎత్తాలో భరద్వాజ్ చూపించాడు. చిట్టి నా చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, మాట వినిపించాలంటే ఏది నొక్కాలో చెప్పి పోయింది. తలుపు వేశారు. ఇప్పుడు నేను లోపల, వాడు ఊయల మీద. వాడికి నా మాట వినిపించదు. నా పెదవులు చదవడం వాడికి రాదు.

తెర మీద రెండు గదులు. ఒకదాంట్లో ఆదర్శ్ సారు. నలభై లోపు మనిషి, గడ్డం పెరిగి ఉంది. రెండోదాంట్లో సోమలింగం గారు. తెల్ల సూట్లో ఉన్న నర్సు ఎవరో ఫోను పట్టుకుంది. ఆయన మూతికి ఆక్సిజన్ మాస్కు. అక్కడి యంత్రాల హోరు హెడ్‌ఫోన్లలో సాంచాల చప్పుడులాగే ఉంది. ఆదర్శ్ సారు ముందే చెప్పాడు, బాపు ఏదో అంటున్నాడు గానీ మాస్కు పెట్టినప్పటి నుంచీ ఎవరికీ వినిపించడం లేదని, మీరే మాట్లాడండని.

కానీ ఆ మాస్కు మన మాస్కు లాంటిది కాదు. పల్చటి ప్లాస్టిక్‌ది, అద్దంలాంటిది. ఊపిరి వదిలినప్పుడు లోపల ఆవిరి కమ్మేది, పీల్చినప్పుడు పోయేది. పోయినప్పుడల్లా పెదవులు కనిపించేవి.

"బాపూ, వీళ్ళే దశరథ అంకుల్. ఫిబ్రవరిల గిట్లనే అయ్యి బయటవడ్డరు" అన్నాడు ఆదర్శ్ సారు.

నేను దండం పెట్టాను. సోమలింగం గారు నన్ను చాలాసేపు చూశారు. ఆవిరి పోయింది. "ఎన్ని దినాలున్నవన్నా?" అన్నారు.

ఎనిమిది అన్న మాట నా నాలుక చివరికి వచ్చింది. అది అంత కష్టమైన మాట కూడా కాదు. మా వాడు ఒక్కో రోజూ కూర్చి పెట్టిన అంకె. కానీ ఆయన కళ్ళు చూశాక ఒకటి అర్థమైంది. ఆయన ఊరికే అడగలేదు. నేను ఎంత చెబితే అంత పట్టుకుని పడుకుంటారు. రోజులు లెక్కపెట్టుకుంటారు. ఎనిమిదో రోజు దాటి తొమ్మిదో రోజు వస్తే, ఆ మాస్కు ఇంకా మూతికే ఉంటే, అప్పుడు ఆ మనిషి ఏం చేయాలి?

"నేను ఉండలేదన్నా" అన్నాను. "నాకు రాలేదు. మా పిలగాడు ఛుట్టీ కోసం చెప్పిండు. ఇంట్ల పైపు వలిగింది. పిల్లకు సముద్రం జూపియ్యాల్నన్నడు. గంతే. నాకు ఎన్ని దినాలైతదో తెల్వది."

ఆదర్శ్ సారు ముఖం కదలలేదు. నెట్ ఆగిందేమో అనుకున్నాను. కానీ వెనక ఫ్యాను తిరుగుతోంది.

సోమలింగం గారి భుజాలు కదిలాయి. నర్సు యంత్రం వైపు చూసింది. ఆయన నవ్వుతున్నారని ఆమెకు తెలియడానికి కొంత సమయం పట్టింది. ఆయన పెదవులు కదిపారు. రెండు ఊపిర్ల మధ్య ఒక్కో ముక్క. నేను ముక్కలన్నీ కూడబెట్టుకున్నాను.

"ఏమంటుండు అంకుల్?" అన్నాడు ఆదర్శ్ సారు. "మీకు తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నది సారూ. నేను సాంచాల మీద చేసినోణ్ణి." చెప్పకుండా వదిలేయవచ్చా అనుకున్నాను. ఒకరి మాట ఒకరికి అందించేవాడు అందులోంచి ఏరుకోవడం మొదలుపెడితే ఇంక అతని మీద నమ్మకం ఏముంటుంది? "మీరు కూడ రెండుసార్లు మీ బాపును పండవెట్టిండ్రంట సారూ. ఒకపారి కాలు ఇరిగిందని చెప్పిండ్రంట. ఇంకోపారి గుండె నొప్పి. గుండె నొప్పప్పుడు గోవ వొయిండ్రంట."

ఫ్యాను తిరిగింది.

"బాపుకెట్ల తెలుసు?" అన్నాడు ఆదర్శ్ సారు, ఎవరితోనో తెలియకుండా.

సోమలింగం గారు ఏదో అన్నారు.

"ఫోటోలు జూసిండంట" అన్నాను.

తర్వాత నేను అసలు సంగతి అడిగాను, ఎందుకు తినడం లేదని. ఆయన ఈసారి చాలా త్వరత్వరగా పెదవులు కదిపారు. అన్ని రోజులుగా చెబుతున్న మాట అని చూస్తేనే తెలుస్తోంది. పళ్ళు లేని నోటి మాట చదవడం కష్టమే గానీ, మా కార్ఖానాలో గుట్కా నమిలి నమిలి సగం మందికి పళ్ళుండేవి కావు. నాకు అలవాటే.

"కట్టుడు పండ్లు అంగి జేబుల వెట్టిండంట సారూ. వచ్చిన్నాడు అంగి తీసుకపోయిండ్రంట. నోట్ల పండ్లు లేకుంట ఏం తినాలె అంటుండు. నాలుగు దినాలు గా పలుచటి జావనే తాగిండంట, ఇగ తాగుతె వాంతికొస్తున్నదంట. నాలుగు ఇడ్లీలు వెట్టుమంటుండు."

ఆదర్శ్ సారు లేచి నిలబడ్డాడు. బాపును చేర్చిన రోజున బట్టలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి ఇచ్చారట. భయపడి ఎవరూ విప్పలేదు. కారు డిక్కీలో అట్లాగే ఉందట. ఆయన తెర మీంచి వెళ్ళిపోయాడు. కుర్చీ, ఫ్యాను మిగిలాయి.

సోమలింగం గారు, నేను మిగిలాం. ఆయన నన్ను ఇంకొకటి అడిగారు. "భయమైతున్నదన్నా. నీకైతదా?"

"అయితది. నాకు రాకుండనే రోజు పొద్దున ఊపిరి జూస్కుంటున్న" అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపారు. నర్సు ఫోను ఆపేసింది.

నేను కుర్చీ ఎత్తి తలుపు తీసేసరికి భరద్వాజ్ ఎదురుగానే ఉన్నాడు. ఏం చెప్పావని అడిగాడు. ఉన్నది చెప్పానన్నాను. వాడు కుర్చీ నా చేతిలోంచి తీసుకుని కింద పెట్టి, దాని మీద కూర్చోకుండా నేల మీద కూర్చున్నాడు. ఆ రాత్రి ఇంట్లో అందరూ తిన్నారు. చిట్టి ఒక్కతే కట్టుడు పళ్ళు రాత్రి ఎక్కడ పెట్టుకుంటారని అడిగింది.

మర్నాడు తొమ్మిదింటికి వాడు కుర్చీని బల్ల మీద పెట్టి, లోపలికి పోయి, దించుకుని కూర్చున్నాడు. నేను ఊయల మీద కూర్చున్నాను. మాల చేతిలో ఉంది గానీ ఆ రోజు ఒక్క నామం కూడా నేను చేశానని చెప్పలేను. తెర వాడి వైపు ఉంది కాబట్టి నాకు వాడి మాటలే కనిపించాయి. పైపు సార్, అన్నాడు. నిజంగనే పైపు సార్. డుమస్. ఉనాయ్. వేడినీళ్ళు సార్. లేదు సార్. చివరికి, నాలుగింటికా సార్, అడుగుతా సార్, అన్నాడు.

బయటికి వచ్చి చెప్పాడు. పళ్ళను వేడినీళ్ళలో కడిగి పంపించారట. సోమలింగం గారు రాత్రి మూడు ఇడ్లీలు తిన్నారట. వాడి సంగతి కంపెనీలో ఎవరికీ చెప్పనని ఆదర్శ్ సారు అన్నాడట. చెప్పడం మొదలుపెడితే తన సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. ఇంకొకటి కూడా అన్నాడట.

"పైపు వలిగిందని చెప్తే ఛుట్టీ ఇచ్చేవాళ్ళా సార్ అని అడిగిన బాపూ. ఇయ్యకపోదును అన్నడు."

ఆ రోజు నుంచి నాలుగింటికి నాకు మీటింగు. ఐదు నిమిషాలు. సోమలింగం గారు అడిగింది నేను చెప్పేవాణ్ణి. ఏసీ తగ్గించమని. పక్క మంచం అతను ఎక్కడికి పోయాడని. నర్సమ్మకు పెళ్ళయిందా అని. పక్క మంచం సంగతి మాత్రం ఆదర్శ్ సారు నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. ఆయన్నే చెప్పమన్నాను. కొడుకు చెప్పాల్సిన మాటకు నేనెందుకు నోరవుతాను? ఆయన చెప్పాడు. సోమలింగం గారు విన్నారు. మరునాడు కూడా ఇడ్లీలు తిన్నారు.

నేను మొదలుపెట్టిన పన్నెండో రోజున ఆ మాస్కు తీసేశారు. ఎనిమిది అని చెప్పకపోవడం మంచిదైంది. ఆయన గొంతు బొంగురుగా, చాలా గట్టిగా ఉందట. అందరికీ వినిపిస్తోందట. నాకు మాత్రం పెదవులే. ఇంక నా అవసరం లేదు.

అయినా ఒక సందేహం నన్ను వదలలేదు. మా వాడు ఆ రోజు అబద్ధం చెప్పకపోతే ఆదర్శ్ సారు నన్ను పిలిచేవాడు కాదు. పిలవకపోతే ఆ పళ్ళు డిక్కీలోనే ఉండేవి. అట్లాగని ఆ అబద్ధం మంచిదని అనడానికి నాకు నోరు రావడం లేదు. కాకపోతే ఆగయ్య కొడుకు తన కంపెనీకి నాన్న జబ్బు సంగతి నిజమే చెప్పాడు, ఆ నిజం ఎవరికీ ఏమీ చేయలేదు. పూజలో రెండు మూడుసార్లు ఈ విషయం స్వామి ముందు పెట్టాను. ఆయన ఎప్పటిలాగే విన్నాడు.

జూన్‌లో వానలు పట్టాయి. అద్దం గది మీద, సరిగ్గా కంప్యూటరు పైన, స్లాబు నుంచి నీళ్ళు కారడం మొదలయింది. మేడ మీద తారు వేయించాలి, వేసేవాళ్ళు ఆదివారం గానీ రారు, ముందు పాతది గీకి ఉంచాలి, దానికి ఒక రోజంతా పడుతుంది. భరద్వాజ్ తలకు తువ్వాలు చుట్టుకుని మీటింగులో కూర్చున్నాడు. నేను మాల ఆపి చూశాను. వాడి చెయ్యి నుదుటి మీదికి పోయింది. నీళ్ళు తుడుచుకుని కిందికి దించాడు.

"స్లాబు కారుతున్నది సార్. ఒక్క రోజు ఛుట్టీ కావాలె" అన్నాడు.

అవతల ఏమన్నారో నాకు కనిపించలేదు. వాడు తల ఊపాడు. సరే సార్, అన్నాడు. కుర్చీ ఎత్తి, తలుపు తీసి, తల బయట పెట్టాడు.

"కంపెనీల రిలీజ్ ఉన్నదంట, కుదరదన్నడు. ఒక బకెట్ ఇయ్యి బాపూ" అన్నాడు.

ఇచ్చాను. కుర్చీ, బకెట్టు, వాడు ముగ్గురూ ఆ గదిలో పట్టలేదు. కుర్చీ బయటికి వచ్చేసింది. ఆదివారం దాకా వాడు నిలబడే పనిచేశాడు. బకెట్టు నిండినప్పుడు వాడు అద్దం మీద వేలితో తట్టేవాడు కాదు, ఊరికే పెదవులు కదిపేవాడు. నేను లేచి వెళ్ళి మార్చేవాణ్ణి.